సముద్రానికి ఐదూ నలభై

ఉప్పుటేటి మొగ దగ్గర నీళ్లు ఏ వేళకి తగ్గాలో నిర్ణయించే అధికారం తమకుందని తీర విహార ప్రాధికార సంస్థవారికి మొదట్లో తెలియదు. తెలిశాక మాత్రం ఆలస్యం చెయ్యలేదు.

అంతకుముందు ఆ పని చూసుకోవడానికి కొయ్యదిబ్బ ఊళ్లో ప్రత్యేకంగా ఎవరూ ఉండేవారు కాదు. నీళ్లు వాటంతట అవే వచ్చేవి, వాటంతట అవే పోయేవి. వస్తే పోటు అనేవారు, పోతే పాటు అనేవారు. పోటు వేళ మొగకి దూరంగా ఉండేవారు, పాటు వేళ మోకాలి లోతులో దాటేవారు. ఇంత పెద్ద వ్యవహారం ఏ కాగితమూ లేకుండా అన్నాళ్లు ఎలా నడిచిందో ఆలోచిస్తే ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈలోగా పట్నంలో జనానికి నడక పిచ్చి పట్టింది. వీధి చివర కిరాణా కొట్టుకి బండి మీద వెళ్లే మనుషులు, నడవడం కోసం కార్లేసుకుని అరవై కిలోమీటర్లు రావడం మొదలెట్టారు. వాళ్లని చూసి సంస్థవారు ‘సంధ్యా సాగర విహార పదయాత్ర’ అనే కార్యక్రమం తయారుచేశారు. ప్రతి శనివారం సాయంత్రం కొయ్యదిబ్బలో బయలుదేరి, కొండ మీది పాత బౌద్ధ స్తూపం శిథిలాలు చూసి, కిందకి దిగి మడ అడవి చిత్తడిలోంచి నడిచి, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దాటి, అవతల రాళ్ల మధ్య నిలిచే నీళ్లలో ఈత కొట్టి, అక్కడ రోడ్డు మీద ఉన్న బస్సెక్కి వెళ్లిపోవాలి. దారి చూపించడానికి స్థానిక గైడు ఒకడు కావాల్సివచ్చి సూరాడ దానయ్యని పెట్టుకున్నారు.

దానయ్యకి యాభై ఆరేళ్లు. ముప్పై అయిదేళ్లు తెడ్డు వేసి కుడిభుజం పట్టేశాక వేట మానేసి, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నాడు. గైడు అనే మాట అతనికి కొత్త. కానీ ఒప్పుకోక తప్పని కారణం ఒకటుంది. పదయాత్ర కోసం సంస్థవారు మడ పక్క బాటకి కంచె కట్టి గేటు పెట్టారు. ఊళ్లో ఆడవాళ్లు తెల్లారుతూనే ఒడ్డుకి వెళ్లి చేపల గంపలు నెత్తికెత్తుకుని వచ్చే బాట అదొక్కటే. గేటు మూసేస్తే రోడ్డు చుట్టూ తిరిగి ఏడు కిలోమీటర్లు నడవాలి, ఎండెక్కేసరికి చేప పాడైపోతుంది. ఉత్తర్వులో మాత్రం ఒక మాట రాశారు: ‘స్థానిక గైడు విధులలో కొనసాగునంతవరకు గ్రామస్థుల నిమిత్తం గేటు తెరచి ఉంచబడును.’ అంటే దానయ్య మెడలో సంస్థవారిచ్చిన గైడు బిళ్ల ఉన్నంతకాలం గేటు తెరిచి ఉంటుంది. ఆ మాట ఊరంతా అతనికి రోజూ గుర్తుచేసేది. అందరికంటే ఎక్కువగా, గంపెత్తుకునేవాళ్లలో ముందుండే అతని భార్య పోలమ్మ గుర్తుచేసేది.

మొదట మచ్చుకి ఒక నడక జరిగింది. సంస్థ సహాయ సంచాలకులు హయగ్రీవరావు గారు స్వయంగా వచ్చారు. ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, దానయ్య వెనకాల మొగ దాటారు. నీళ్లు మోకాలికి అందలేదు. అవతలి ఒడ్డుకి చేరి వాచీ చూసుకుని, పక్కనున్న సీనియర్ అసిస్టెంటు మంగతాయారు గారితో అన్నారు.

“రాసుకోండి. మొగ దాటు సమయం సాయంత్రం ఐదూ నలభై.”

“ఈరోజుకి ఐదూ నలభై బాబూ,” అన్నాడు దానయ్య. “రేపు ఆరున్నర అవుతాది. రోజుకో ముప్పావుగంట పైన యెనక్కెల్తాది. ఈయేల చవితి గదా. మల్లీ పౌర్ణమెల్లిన తదియో చవితో వస్తే అప్పుడీ ఏలకి పాటుంటాది. మద్దిలో ఏకాదశికైతే ఇదే ఏలకి నిలువెత్తు పోటు.”

హయగ్రీవరావు గారు చిరునవ్వు నవ్వారు. ఆయనకి కోపం రాదు. కోపం బదులు వాక్యాలు వస్తాయి.

“చూడు దానయ్యా. తిథి చూసుకుని పని చెయ్యడం మీ తాతల నాటి పద్ధతి. మనది లౌకిక ప్రభుత్వం. రేపు ఎవరైనా అడిగితే, ప్రభుత్వ కార్యక్రమాన్ని చవితి నాడు పెట్టి ఏకాదశి నాడు మానేశామని చెప్పుకోగలమా? శాస్త్రీయ దృక్పథంతో ముందుకు పోవాలి. ఐదూ నలభై అంటే ప్రతి శనివారం ఐదూ నలభై.”

దానయ్యకి మూఢనమ్మకాలున్నట్టు ఆ రోజు నివేదికలో రాశారు. శిక్షణ అవసరమని కూడా రాసి, మూడు రోజుల శాస్త్రీయ దృక్పథ పునశ్చరణ తరగతులకి జిల్లా కేంద్రానికి పంపించారు. అక్కడ ఒక మేష్టారు బల్ల మీద నారింజపండూ నిమ్మకాయా పెట్టి, చంద్రుడి ఆకర్షణ వల్ల సముద్రానికి ఆటుపోట్లు వస్తాయనీ, అవి రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయనీ బోధించాడు. దానయ్య లేచి నిలబడ్డాడు.

“నానూ అదే సెప్పినాను బాబూ.”

“నువ్వు చెప్పింది తిథి. నేను చెబుతున్నది చంద్రుడు. కూర్చో,” అన్నాడు మేష్టారు.

దానయ్య ఉత్తీర్ణుడయ్యాడు. సర్టిఫికెట్ పట్టుకుని తిన్నగా హయగ్రీవరావు గారి దగ్గరకి వెళ్లి, తాను కొత్తగా నేర్చుకున్న శాస్త్రం ప్రకారం కూడా వచ్చే శనివారం మొగ దాటడం కుదరదని విన్నవించుకున్నాడు. హయగ్రీవరావు గారు సర్టిఫికెట్ మెచ్చుకున్నారు. తరవాత నెమ్మదిగా చెప్పారు.

“చంద్రుడు మన శాఖ పరిధిలోకి రాడు దానయ్యా.”

ఆ శనివారం ఏకాదశి. పద్దెనిమిది మంది వచ్చారు. అందరికీ తలకొక టోపీ, చేతికొక కర్ర, మెడకొక నీళ్ల సీసా. అందరి దగ్గరా కరపత్రం ఉంది. అందులో నిమిషాల ప్రకారం రాసి ఉంది: నాలుగూ నలభై, శిథిలాలు, నాలుగూ యాభై, వాటిని చూచి చరిత్ర స్ఫురణకు తెచ్చుకొనుట, ఐదూ అయిదు, మడలో కొంగలు, ఐదూ నలభై, మొగ దాటుట, ఆరూ పది, ఈత. ఐదూ అయిదుకి మడలో కొంగ ఒక్కటీ లేదు. దానయ్య చేత బట్టీ పట్టించిన కాగితంలో “అవిగో కొంగలు” అని ఉంది కాబట్టి అతను వట్టి మడ వైపు చెయ్యి చూపించి అవిగో కొంగలు అన్నాడు. నలుగురైదుగురు ఫొటోలు తీసుకున్నారు.

ఐదూ నలభైకి మొగ దగ్గరకి చేరేసరికి నీళ్లు ఒడ్డు తన్నుకుంటూ లోపలికి పరుగెడుతున్నాయి. ఇటు చివర నుంచి అటు చివరకి ఎక్కడా ఇసక కనబడటం లేదు. దానయ్య చేతికర్ర ముంచాడు, అది అందలేదు. కర్ర బయటకి తీసి ఇసకలో పాతి, దాని పక్కన కూర్చున్నాడు.

హయగ్రీవరావు గారు వాచీ చూశారు. సముద్రాన్ని చూశారు. మళ్లీ వాచీ చూశారు.

“కొంచెం ఆలస్యంగా నడుస్తున్నట్టుంది,” అన్నారు వచ్చినవాళ్లతో. “ఒక పావుగంట వేచిచూద్దాం.”

పావుగంటకి నీళ్లు ఇంకాస్త పెరిగి ఆయన చెప్పులు పట్టుకుపోయాయి.

దానయ్య సముద్రాన్ని చూడటం లేదు. పదకొండేళ్ల కిందట ఇదే చోట, ఇలాంటి పోటులోనే, అతని తమ్ముడు సింహాద్రి అవతల ఒడ్డున మరిచిపోయిన వల తెచ్చుకుంటానని దిగాడు. దానయ్య ఇటు ఒడ్డున నిలబడి వద్దురా అని అరిచాడు. ఆ అరుపు వినబడిందో లేదో ఇప్పటికీ తెలీదు. మనిషి దొరకలేదు. తల్లి అప్పాయమ్మ మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది, నా కొడుకు పోయాడని ఒక కాగితం ఇమ్మని. శవం చూపిస్తేగానీ చావు రాయడం కుదరదన్నారు. ఆఫీసువాళ్లే పోలేదంటే నేనెలా పోయాడంటానని ఆవిడ దినం కూడా చెయ్యనివ్వలేదు. చివరికి ఆవిడా పోయింది. పోటు వేళ మొగకి వస్తే దానయ్య ఇప్పటికీ నీళ్లకి వీపు తిప్పి కూర్చుంటాడు. ఒక్కడు పోతేనే ఇంతుంటే, పద్దెనిమిది మందిని తీసుకుని దిగమనే మాట అతని బుర్రకి ఎక్కనే లేదు.

నడక రద్దయింది. హయగ్రీవరావు గారు నివేదిక రాశారు: ‘ఏర్పాట్లన్నియు సంతృప్తికరముగా నుండినవి. సముద్రము వైపు నుండి మాత్రము ఆశించిన సహకారము లభించలేదు.’ సహకారం లభించకపోతే ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. సముద్రానికి మెమో ఇవ్వడానికి చిరునామా లేదు. అందుకని వారం తిరక్కుండా దానయ్యకి ఇచ్చారు. పాటును నిర్ణీత సమయమునకు హాజరుపరచుటలో విఫలుడైనందుకు తనపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలసినదని అందులో ఉంది. చర్య అంటే బిళ్ల తీసేసుకోవడం. బిళ్ల పోతే గేటు మూతపడుతుంది.

మెమో నడుస్తోంది కాబట్టి ఆ శనివారం నడక పెట్టలేదు. ఆ రోజు బహుళ తదియ. ఐదూ నలభైకి మొగలో నీళ్లు బుద్ధిగా మోకాలి కిందకి తగ్గి, ఎవరూ రాకపోయేసరికి కాసేపుండి, మళ్లీ పెరిగాయి.

దానికి ముందురోజే దానయ్య మెమో పట్టుకుని మంగతాయారు గారి దగ్గరకి వెళ్లాడు. ఆవిడకి ఆ ఆఫీసులో ఇరవైరెండేళ్ల సర్వీసు. కళ్లజోడు పైనుంచి చూసే అలవాటు. ఎవరి మీదా జాలిపడినట్టు కనబడరు గానీ ఎవరి కాగితమూ పారెయ్యరు.

“ఏటి రాయమంటారమ్మా? నీల్లు నా మాటినవని రాస్తే సాలదా?”

“చాలదు. వినవని నువ్వే రాస్తే, వినని నీళ్లకి నువ్వెందుకని తీసేస్తారు,” అందావిడ. “జవాబు రాయకు. సందేహం రాయి. సందేహం ఉన్నవాడిని ఎవరూ తీసెయ్యలేరు, అది తీరేదాకా.”

ఆవిడే రాసిపెట్టింది. మొగలో నీరు మోకాటి కంటె హెచ్చుగా ఉన్న యెడల, సదరు దూరమును నడక కింద పరిగణించవలెనా, ఈత కింద పరిగణించవలెనా అన్నది సందేహం. నడక ఇంజనీరింగ్ విభాగం చూస్తుంది, ఈత క్రీడా విభాగం చూస్తుంది. రెండు చోట్లకీ ఫైలు వెళ్లాలి. దానయ్య వేలిముద్ర వేశాడు.

“ఇది ఎల్లి రావడానికి ఎన్నాల్లు పడతాదమ్మా?”

“పదిహేను రోజులు. తొందరపెట్టినా అంతే, వదిలేసినా అంతే. ఇరవైరెండేళ్లుగా చూస్తున్నాను.”

దానయ్య బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి కూడా లెక్కపెట్టుకుని, మంగతాయారు గారి వైపు చాలాసేపు చూశాడు. బయటకి వచ్చాక గానీ అతనికి నవ్వు రాలేదు.

ఫైలు బయలుదేరింది. ఇంజనీరింగ్ విభాగంవారు మోకాలు అనగా ఎవరి మోకాలు అని అడిగారు. అందరి మోకాళ్లూ కొలిచి సగటు తీశారు. క్రీడా విభాగంవారు, పాదములు నేలకు ఆనుచున్నంతవరకు అది ఈత కాదనీ, ఆననప్పుడు మాత్రం ఈతగాడి అభిప్రాయం తీసుకోవాలనీ రాశారు. న్యాయ విభాగంవారు చదివాం అని రాశారు. పదిహేనో రోజు సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. చివర హయగ్రీవరావు గారి నిర్ణయం ఉంది: ‘యథావిధిగా నిర్వహించవలెను.’

మర్నాడు శనివారం, శుద్ధ తదియ. ఐదూ నలభైకి అందరూ మొగ చేరేసరికి నీళ్లు దారి వదిలేసి ఉన్నాయి. అటు చివరి దాకా ఇసక తిన్నె కనబడుతోంది. హయగ్రీవరావు గారు కొత్త చెప్పులతో నడిచి దాటారు. అవతలికి చేరి దానయ్య భుజం తట్టారు.

“చూశావా దానయ్యా? పాలన గట్టిగా ఉంటే ప్రకృతి కూడా దారికొస్తుంది.”

“సిత్తం బాబూ,” అన్నాడు దానయ్య.

అవతల ఈత కార్యక్రమం జరిగింది. భద్రతా విభాగంవారు నీరు చీలమండ దాటరాదని నియమం పెట్టారు. అందుచేత ఇరవై మంది లైఫ్ జాకెట్లు కట్టుకుని, టోకెన్ల వరసలో వచ్చి, జానెడు నీళ్లలో బోర్లా పడుకుని చేతులాడించారు. పదినిమిషాలకి విజిల్ వేస్తే లేచి ఇసక దులుపుకున్నారు. కరపత్రం మీద సముద్రంలో సూర్యుడు అస్తమిస్తున్న బొమ్మ ఉంది. ఒక పెద్దాయన ఆ బొమ్మా సముద్రమూ మార్చి మార్చి చూసి, సూర్యుడేడీ అని అడిగాడు. అతని వెనకాల కొండల మీద సూర్యుడు దిగిపోతున్నాడు. తూర్పు తీరంలో పొద్దు సముద్రంలో గుంకదని చెప్పడానికి దానయ్య నోరు తెరిచాడు గానీ, మళ్లీ ఇంకో శిక్షణకి పంపిస్తారని ఊరుకున్నాడు.

సోమవారం దానయ్య ఇంకో సందేహం పెట్టాడు. అది తీరేదాకా నడక వాయిదా. పై వారం శుక్రవారానికి ఫైలొచ్చింది. మర్నాటికి మళ్లీ పాటు. అలా నాలుగు నెలలు గడిచాయి. ఫైలు ముందొస్తే, పాటు పడే శనివారం ముందురోజు దాకా మంగతాయారు గారు దాన్ని తన టిఫిన్ డబ్బా కింద పెట్టి ఉంచేవారు. తిథి అనే మాట ఎక్కడా రాయకుండా ప్రభుత్వ కార్యక్రమం తిథి ప్రకారం జరిగిపోయేది. ఆడవాళ్లు తెల్లారుతూనే గేటు దాటి ఒడ్డుకి వెళ్లేవారు, గంపలతో తిరిగొచ్చేవారు. దానయ్యకి అంతకంటే కావలసింది లేదు.

సంస్థవారికి మాత్రం ఇంకా కావాలనిపించింది. ఉత్తర్వు వెలువడ్డ మర్నాడల్లా సముద్రం సమయానికి తగ్గుతోందని నాలుగు నెలల రికార్డు చెబుతోంది. ఇంత క్రమశిక్షణ ఇతర శాఖల్లో లేదని హయగ్రీవరావు గారికి శాలువా కప్పారు. ఆయన ఆ ఉత్సాహంలో మొగ దగ్గర ఒక ఇనప బోర్డు పాతించారు. ‘సూచన: పాటు సమయము సా. 5.40 గం.లు. అతిక్రమించరాదు.’ బోర్డు రాతవైపు సముద్రానికి తిప్పి పాతారు. ఒడ్డున నిలబడ్డవాళ్లకి దాని వీపే కనబడుతుంది. ఎవరికి చెప్పవలసింది వాళ్లకి కనబడితే చాలునని హయగ్రీవరావు గారి ఉద్దేశం.

అంతలో సంస్థకి కొత్త కమిషనర్ వచ్చాడు. ప్రద్యుమ్న అని, ముప్పై రెండేళ్లవాడు, ఉదయం లేచి పది కిలోమీటర్లు పరుగెడతాడు. కాగితం చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. వచ్చిన నెలలోనే ఫైళ్లన్నీ ఎత్తేసి అంతా కంప్యూటర్లలో పెట్టించాడు. సిబ్బందిని సమావేశపరిచి, ఇకమీదట ప్రతి నిర్ణయం పావుగంటలో జరగాలన్నాడు.

ఆ వారం నడకయ్యాక దానయ్య అలవాటు ప్రకారం ఒక సందేహం పెట్టి, ఆఫీసు ఎదుట టీ కొట్టులో కూర్చున్నాడు. టీ చల్లారకముందే ఫోను మోగింది. మంగతాయారు గారు.

“జవాబొచ్చేసింది దానయ్యా. యథావిధిగా అట. పదకొండు నిమిషాలు పట్టింది.”

“పదకొండు నిమసాలా?”

“టిఫిన్ డబ్బా కింద పెడదామంటే కాగితమే లేదు,” అందావిడ. ఆవిడ గొంతులో దిగులు దానయ్య అంతకుముందెప్పుడూ వినలేదు. “వచ్చే శనివారం కమిషనర్ గారు కూడా నడుస్తారట.”

దానయ్య వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. ఏకాదశి.

ఆ రాత్రి అన్నం దగ్గర పోలమ్మతో చెప్పాడు. ఆమె చెయ్యి ఆగింది.

“బిల్ల ఇచ్చేస్తావా?”

“ఇచ్చేస్తే గేటు మూసేస్తారు గదే.”

పోలమ్మ గిన్నె పక్కకి జరిపి అంది.

“ఏడు కిలోమీటర్లు నడవలేక సచ్చిపోంలే. నువ్వు మాత్తరం ఆల్లెవుర్నీ నీల్లల్లోకి దింపకు.”

శనివారం ముప్పై నలుగురు వచ్చారు. కమిషనర్ నిక్కరూ బూట్లూ వేసుకుని అందరికంటే ముందు నడిచాడు. ఒక ముసలావిడ మనవరాలిని తీసుకొచ్చింది. ఆ పిల్లకి ఏడేళ్లుంటాయి, ఇంటి దగ్గరే ఈత కళ్లజోడు పెట్టుకుని వచ్చింది, దాన్ని ఎంతకీ తియ్యలేదు. మడ దాటుతున్నంతసేపూ దానయ్య దగ్గరకి వచ్చి, తాతా ఈత ఎప్పుడు అని అడుగుతూనే ఉంది.

మొగ దగ్గర పోటు నిండుగా ఉంది. ఇనప బోర్డు సగం దాకా మునిగింది. దానయ్య వెనక్కి తిరిగి చేతులు అడ్డం పెట్టాడు.

“ఈయేల దాటడం కుదరదు బాబూ.”

హయగ్రీవరావు గారు కమిషనర్ చెవిలో చెప్పారు. “మధ్యమధ్య ఇలా జరుగుతుంటుంది సార్. గైడు కాస్త మొండి. ఉత్తర్వు చూపిస్తే సర్దుకుంటుంది.”

“ఎవరు, గైడా?”

“సముద్రం సార్.”

కమిషనర్ దానయ్య దగ్గరకి వచ్చాడు. “ఉత్తర్వు పదకొండు నిమిషాల్లో ఇచ్చాం. ఇంకా అభ్యంతరమేమిటి? అందరికీ జాకెట్లున్నాయి. తాడు పట్టుకుని దాటేద్దాం. నువ్వు రానంటే బిళ్ల ఇచ్చేయ్, నేనే తీసుకెళతాను. గేటు సంగతి ఉత్తర్వులో ఉన్నట్టే జరుగుతుంది.”

దానయ్య బిళ్ల మీద చెయ్యి వేశాడు. తీసి ఇచ్చేస్తే తన పని అయిపోతుంది. గేటూ పోతుంది, వీళ్లూ దిగుతారు. పిల్ల అప్పుడే చెప్పులు విప్పేసి నీళ్ల అంచున నిలబడింది. అతను వెళ్లి ఆ పిల్లకీ నీళ్లకీ మధ్య నిలబడ్డాడు. సింహాద్రి వెనక్కి తిరిగి చూడకుండా దిగినప్పుడు ఒడ్డునే ఉండిపోయాడు.

“రానని నువ్వు నోటితో చెబితే సరిపోదు,” అన్నాడు కమిషనర్, తన చేతిలో ఉన్న పలకలాంటి యంత్రం ముందుకి చాపి. “గైడు విధికి రాకపోతే కారణం ఇందులో నమోదు చెయ్యాలి. నొక్కు.”

మంగతాయారు గారు పక్కకి వచ్చి తెర మీది కారణాలు ఒక్కొక్కటే చదివారు. అనారోగ్యం. వివాహం. విద్యుత్ అంతరాయం. సమీప బంధువు మరణం. చివరిది చదివి ఆవిడ ఆగారు. కళ్లజోడు పైనుంచి దానయ్య వైపు చూశారు.

దానయ్య వేలు చాపి దాన్నే నొక్కాడు.

యంత్రం ప్రశ్నలు అడిగింది, ఆవిడ చదివారు, అతను చెప్పింది యంత్రమే విని రాసుకుంది. బంధుత్వం? తమ్ముడు. పేరు? సూరాడ సింహాద్రి. స్థలం? ఉప్పుటేటి మొగ. పదకొండేళ్లలో ఏ ఆఫీసూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. యంత్రం నాలుగో ప్రశ్న వెయ్యలేదు. కిర్రుమని చప్పుడు చేసి ఆకుపచ్చగా వెలిగింది.

‘మీ విషాదములో సంస్థ పాలుపంచుకొనుచున్నది. మూడు దినముల సెలవు మంజూరు. గైడు సెలవులో ఉన్నందున నేటి పదయాత్ర వచ్చే శనివారమునకు వాయిదా. గైడు హోదా యథాతథము.’

కమిషనర్ ముఖం పాలిపోయింది. టోపీ తీశాడు. “క్షమించు. నాకు తెలీదు. ఎప్పుడు జరిగింది?”

“పదకొండేల్లయింది బాబూ.”

“పదకొండేళ్ల కిందటి చావుకి ఇవాళ సెలవేమిటి?”

“ఎప్పుడని అది అడగనేదు బాబూ,” అన్నాడు దానయ్య.

కమిషనర్ యంత్రం వైపు చూశాడు. దాన్ని తెప్పించింది తనే. దాని నిర్ణయాన్ని ఎవరూ, తనతో సహా, మార్చడానికి వీల్లేకుండా చేయించిందీ తనే. ఆ సంగతి మొదటి సమావేశంలోనే గర్వంగా చెప్పాడు. టోపీ మళ్లీ పెట్టుకుని, అందరూ వెనక్కి తిరగండి అన్నాడు. ఈత కళ్లజోడు పిల్ల దారి పొడుగునా ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే దానయ్యకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

మూడో రోజున పోస్టులో కవరొచ్చింది. పోలమ్మ దాన్ని పక్కింటి టీచరమ్మ చేత చదివించింది. సంస్థ ముద్రతో, హయగ్రీవరావు గారి సంతకంతో సంతాప లేఖ. ‘మీ సోదరుడు శ్రీ సూరాడ సింహాద్రి ఉప్పుటేటి మొగ వద్ద మరణించినట్లు తెలిసి చింతించుచున్నాము’ అని ఉంది. దానయ్య ఆ వాక్యం మళ్లీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదవమన్నాడు. తల్లి మూడేళ్లు తిరిగిన కాగితం అది. గుండ్రటి ముద్ర మీద వేలు పెట్టి రాస్తూ, పక్కన ఎవరున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాడు. మర్నాడు బంధువుల్ని పిలిచి తమ్ముడికి దినం చేశాడు.

ఇప్పుడు పాటున్న శనివారాల్లో నడక జరుగుతోంది. పోటున్న శనివారాల్లో సింహాద్రి చచ్చిపోతున్నాడు. ఆర్నెల్లలో దానయ్యకి పదమూడు మంది తమ్ముళ్లు పోయారు, అందరి పేరూ సింహాద్రే, అందరూ మొగ దగ్గరే పోయారు. యంత్రానికి ఎప్పుడూ అనుమానం రాలేదు. హయగ్రీవరావు గారు పదమూడు సార్లు చింతించి సంతకం చేశారు. ఆ కుటుంబానికి కాలం కలిసిరావడం లేదని ఒకసారి మంగతాయారు గారితో బాధపడ్డారు కూడా.

పోలమ్మ ఆ ఉత్తరాలన్నీ సింహాద్రి ఫొటో వెనకాల కట్టగా కట్టి పెట్టింది. “అత్త ఒక్క కాగితం ఇమ్మంటే ఇయ్యనేదు,” అంది ఒకరోజు, పదమూడోది కట్టలో దోపుతూ.

మళ్లీ పోటు శనివారం వచ్చింది. ఇలాంటి శనివారాల్లో గైడుకి సెలవేనని తెలిసిపోయి పట్నం నుంచి నడిచేవాళ్లు రావడం మానేశారు. ఆడవాళ్లు తెల్లారగట్లే గేటు దాటి వెళ్లి గంపలతో తిరిగొచ్చేశారు. సాయంత్రం దానయ్య ఒక్కడే మొగ దగ్గరకి వెళ్లాడు. ఇంట్లో కూర్చునే నొక్కొచ్చని మంగతాయారు గారు చెప్పారు, ఫోన్లో కూడా పెట్టిచ్చారు. అతను మాత్రం ఇక్కడికి వచ్చే నొక్కుతాడు. నీళ్ల వైపు తిరిగి ఫోను నొక్కి, నోట్లోనే “ఏరా” అనుకుని, తమ్ముడి పేరు చెప్పాడు. ఫోను ఆకుపచ్చగా వెలిగింది. ఎదురుగా బోర్డు గొంతు దాకా నీళ్లలో ఉంది, టైము ఐదూ నలభై అయింది.